జీడిపప్పు తయారీ ఖర్చు: లెక్కింపవలసిన విధము



పలాసయందును ఉద్దానమునందును జీడిపప్పు కార్ఖానాలు నడుపువారిలో పలువురు పిక్కల ధరను, కూలిని మాత్రమే కూడి, అదియే తయారీ ఖర్చని తలంచుచున్నారు. అది మూలవ్యయము మాత్రమే. వంటచెఱకు, విద్యుచ్ఛక్తి, అద్దె, గుమాస్తా జీతము, యంత్రముల అరుగుదల చేర్చిననే ఉత్పత్తివ్యయ మగును. భావనపాడు రేవున పడవయు వలయు ఏటేట నరుగుట మన మెఱుగుదుము. యంత్రమును అట్లే యరుగును.

ఉదాహరణముగా నొక లెక్క మనవి చేయుదుము. 80 కిలోల బస్తా పిక్కలు 10,000 రూపాయలు, కూలి 1,600 అనుకొందము. పప్పు 20 కిలోలు దిగినచో మూలవ్యయము కిలోకు 580 రూపాయలు. తక్కిన ఖర్చులు 1,400 చేర్చి, తొక్కలపై వచ్చిన 200 తీసివేసినచో మొత్తము 12,800. అనగా కిలోకు 640. గుండును ముక్కయు కలిపి సగటున 600కు అమ్మినవాడు 20 లాభమని సంతసించును. నిజమునకు 40 నష్టము.

పప్పు 18 కిలోలే దిగినచో వ్యయము 711 అగును. రెండు కిలోల లోపమునకే కిలోపై 71 రూపాయల భారము! కూలి యంతయు కిలోకు 80 మాత్రమే. కావున నష్టము కనబడగనే పప్పు నొలుచు స్త్రీల కూలి తగ్గింపజూచుట న్యాయము గాదు. ముందుగా దిగుబడిని పరీక్షింపవలెను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానపు జీడితోటలను కూల్చెను. అట్టి యేడు బస్తాలు సగమైనను అద్దెయు జీతమును సగము గావు. బస్తాపై వాని భారము రెట్టింపగును.

కావున ప్రతి కార్ఖానాయందును ఈ లెక్క వ్రాయించి, పిమ్మటనే ధర చెప్పవలయునని సవినయముగా కోరుచున్నాము.