చీటీపాట లేని విత్తశాస్త్రం



అధ్యక్ష స్థానంలో కూర్చున్నవాడు శాస్త్రం ఎంత ముందుకు వెళ్లిందో ఏకరువు పెట్టడం మన సదస్సుల ఆనవాయితీ. ఆ పని క్లుప్తంగా ముగిస్తాను. మీ చేతుల్లో ఉన్న పత్రాల సంచికను రాత్రి ఆసాంతం చదివాను. షేర్ల ధరల ఒడిదుడుకుల మీద గార్చ్ నమూనాలు, మ్యూచువల్ ఫండ్ల పనితీరు మీద పోలికలు, బ్యాంకు ఖాతాదారుల సంతృప్తి మీద ప్రశ్నావళులు. పదేళ్ల కిందటి సంచికా ఇలాగే ఉంది, ఇరవయ్యేళ్ల కిందటిదీ ఇలాగే ఉంది. సూచీ పేరు మారింది, సాఫ్ట్‌వేర్ మారింది. తెలుగు నేల మీద డబ్బు ఎలా పుడుతుంది, ఏ చేతి నుంచి ఏ చేతికి ఏ ధరకు మారుతుంది అన్న ప్రశ్న ఒక్క పత్రంలోనూ కనిపించలేదు. ఈ బాధ నాకు కొత్తది కాదు, మీలో చాలామందికి నా మాటలూ కొత్తవి కావు.

మన ఎం.కామ్., ఎం.బి.ఎ. పాఠ్యక్రమాల వెన్నెముక అందరికీ తెలిసిందే. 1952లో మార్కోవిట్జ్, 1958లో మోడిగ్లియానీ-మిల్లర్, 1964లో షార్ప్, 1973లో బ్లాక్-షోల్స్. ఇవి గొప్ప సిద్ధాంతాలు. వీటిని పాఠ్యక్రమం నుంచి తీసేయమని నేను ఎన్నడూ అనలేదు. అన్నానని సదస్సు తర్వాత సదస్సులో చెబుతున్న మిత్రులు కొందరు ఈ హాల్లోనే ఉన్నారు. వారికి ఎదురుగానే చెబుతున్నాను: నా అభ్యంతరం ఈ సిద్ధాంతాల మీద కాదు. వాటిని మన కళ్లముందున్న అప్పు మీద, పొదుపు మీద ఒక్కసారైనా ప్రయోగించి చూడని సోమరితనం మీద. ఆప్షన్‌కు ధర కట్టడం వచ్చిన విద్యార్థికి వాళ్లమ్మ వేస్తున్న చీటీ మీద అసలు వడ్డీ ఎంతో చెప్పడం రాదు. మౌఖిక పరీక్షల్లో ఈ ప్రశ్న నేను ఏళ్ల తరబడి అడిగాను. జవాబు చెప్పినవాళ్లు అరుదు. జవాబు తెలియకపోవడం ఎందుకు సిగ్గుచేటో వాళ్ల మార్గదర్శకులకు అర్థం కాకపోవడం మరింత బాధ.

ఆ లెక్క ఇవాళ ఇక్కడే చేద్దాం. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది సభ్యులు, ఇరవై నెలలు, నెలకు అయిదు వేలు. మొదటి నెల చీటీ ఆనవాయితీ ప్రకారం ఫోర్‌మన్‌ది. రెండో నెల పాటలో ఒక గృహిణి ముప్పై వేలు వదులుకొని చీటీ పాడుకుంది. ఆమె చేతికి డెబ్బై వేలు వచ్చాయి. వదులుకున్న ముప్పై వేలలో ఫోర్‌మన్ కమీషన్ చీటీ మొత్తం మీద నూటికి అయిదు చొప్పున అయిదు వేలు పోతే, మిగిలిన పాతిక వేలు ఇరవై మందికి తలా పన్నెండు వందల యాభై. అంటే ఆ నెల ఆమె కట్టింది మూడు వేల ఏడు వందల యాభై. ఇంకా పద్ధెనిమిది వాయిదాలు మిగిలాయి. ఆమె తీసుకున్న అప్పుకు వడ్డీ ఎంత?

ఆ క్షణాన ఆమెకే కాదు, ఫోర్‌మన్‌కూ తెలియదు. తర్వాతి పాటల్లో సగటున తలా వెయ్యి చొప్పున డివిడెండ్ వస్తే ఆమె నెలకు నాలుగు వేలు కడుతుంది. అప్పుడు వడ్డీ నెలకు నూటికి దాదాపు రూపాయి ఎనభై పైసలు. డివిడెండ్ అయిదు వందలకు పడిపోతే అదే చీటీ, అదే పాట, వడ్డీ మాత్రం మూడు రూపాయల పదిహేను పైసల దాకా పోతుంది. తన అప్పు ధరను తన తర్వాత పాడేవాళ్ల అవసరాలు నిర్ణయిస్తున్నాయి. పక్కింటివాళ్ల ఆడపిల్ల పెళ్లి, ఎదురింటివాళ్ల ఆపరేషన్, వీధి చివర కొట్టువాడి సరుకు ఖరీదు, ఇవన్నీ ఆమె వడ్డీలో కలిసిపోతాయి. వాళ్లు తొందరపడి ఎక్కువ వదులుకుంటే ఆమెకు మేలు, నింపాదిగా ఉంటే ఆమెకు భారం. ఇంతటి అందమైన సమస్య మీ చేతుల్లోని ఏ విదేశీ పాఠ్యపుస్తకంలో ఉంది?

ఇంకా ఉంది. ఆమె ముందు కట్టింది, తర్వాత పుచ్చుకుంది, మళ్లీ కడుతోంది. నగదు ప్రవాహం గుర్తు రెండుసార్లు మారింది. అంతర్గత రాబడి రేటుకు రెండు జవాబులు రావచ్చని 1955లో లోరీ, సావేజ్ చమురు బావి పంపు ఉదాహరణతో చూపించారు. మనం ఇప్పటికీ ఆ పంపునే నల్లబల్ల మీద గీస్తున్నాం. నేను చెప్పిన చీటీలో నాలుగు వేల వాయిదాల లెక్కకు సమీకరణం రెండో జవాబు కూడా ఇస్తుంది: నెలకు పన్నెండు వందల శాతం పైచిలుకు. దాన్ని పక్కన పెట్టేయడం తేలిక. కానీ చీటీ నడుమ నెలల్లో పాడినవాడికి రెండు జవాబులూ దగ్గరపడతాయి, ఒక్కోసారి అసలు జవాబే ఉండదు. అతను పొదుపు చేశాడా, అప్పు చేశాడా? శాస్త్రం తడబడే చోటే పరిశోధన మొదలవ్వాలి కదా. ఆ తడబాటు మన ప్రతి వీధిలోనూ నెలనెలా జరుగుతోంది.

దీన్ని పట్టించుకున్నదెవరు? 1962లో క్లిఫర్డ్ గీర్ట్జ్, 1964లో షర్లీ ఆర్డెనర్, ఇద్దరూ మానవశాస్త్రవేత్తలు. 1993లో బెస్లీ, కోట్, లౌరీ దీనికి గణిత సిద్ధాంతం కట్టారు. ఎక్‌హౌట్, మున్షీ చెన్నై చిట్ కంపెనీల వివరాలు తీసుకొని 2010లో పత్రం అచ్చు వేశారు. 1982 చిట్‌ఫండ్స్ చట్టాన్ని 2019లో సవరించి ఫోర్‌మన్ కమీషన్ పరిమితిని అయిదు నుంచి ఏడు శాతానికి పెంచారు. ఆ రెండు శాతం ఎవరి జేబులోంచి పోతుంది, ముందు పాడేవాడిదా, చివరిదాకా ఆగేవాడిదా? మన రాష్ట్రాలు రెండూ చీటీలకు పెట్టింది పేరు. మన విభాగాల్లో ఏ ఒక్కటైనా ఆ లెక్క వేసి పార్లమెంటరీ సంఘం ముందు పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

హైదరాబాదు బస్తీల సంగతీ అంతే. ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో, వారి సహచరులు నగరంలో 104 బస్తీలను ఎంచుకొని, సగం చోట్ల ముందుగా సూక్ష్మరుణాలు ఇప్పించి, మిగతా సగంతో పోల్చారు. మన్నికైన సామాను కొనడం పెరిగిందని, చదువు, ఆరోగ్యం, మొత్తం ఖర్చుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదని 2015లో ప్రచురించారు. నడుమ 2010 అక్టోబరులో అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే ఆర్డినెన్స్ తెచ్చి సూక్ష్మరుణ రంగాన్ని నిలబెట్టి అడిగింది. మరుసటి ఏడాది జనవరిలో సూక్ష్మరుణాల మీద మాలేగాం కమిటీ నివేదిక ఇచ్చింది. దేశమంతటికీ వర్తించే నిబంధనలు మన ఊళ్ల కన్నీళ్లలోంచి పుట్టాయి. ఆ రోజుల్లో మన విభాగాలు సెన్సెక్స్‌కూ నాస్‌డాక్‌కూ సంబంధం ఉందా అని లెక్కలు కడుతున్నాయి. కఠినంగా అంటున్నానని తెలుసు. మెత్తగా అనే దారి నాకు కనబడలేదు.

ఇక ఉద్యోగాల మాట. నన్ను విమర్శించే మిత్రుల బలమైన వాదన ఇదే: హైదరాబాదు నానక్‌రామ్‌గూడ కంపెనీలు చీటీ లెక్క అడగవు, ఎక్సెల్ అడుగుతాయి, విద్యార్థి భవిష్యత్తు ముఖ్యం. విద్యార్థి భవిష్యత్తు నాకూ ముఖ్యమే. ఆ కంపెనీల్లో మన పిల్లలు చేస్తున్న పని ఏమిటో నేను వాళ్లనే అడిగి తెలుసుకున్నాను. రెండు పుస్తకాల నిల్వలు కలవకపోతే తేడా వెతకడం, రోజు ముగిశాక ఫండ్ల ఎన్‌ఏవీ తేల్చడం, ఖాతాదారు ఎవరో నిర్ధారించే కేవైసీ పత్రాలు చూడటం, అమెరికా పొద్దుకు తగ్గట్టు రాత్రి షిఫ్టులు. గౌరవమైన పనులే, ఇల్లు నిలబెట్టే జీతాలే. కానీ అక్కడ పైకి వెళ్లినవాళ్లెవరని అడిగితే ప్రతి ఒక్కరూ ఒకే మాట చెప్పారు: తేడా ఎందుకొచ్చిందో ఊహించగలిగినవాళ్లు. ఆ ఊహ మౌస్ తిప్పడంతో రాదు. ఎదురుగా కూర్చున్న మనిషి అవసరం, పద్దులోని అంకె, రెండూ ఒకేసారి చూడటం అలవాటైనవాళ్లకే వస్తుంది.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రాసిన లేఖ మీకు గుర్తుంది. పుస్తకాల్లో ఉన్నట్టు చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవు. ఏ నమూనా కావాలి దాన్ని పట్టుకోవడానికి? బ్యాంకు నుంచి నేరుగా నిల్వ ధ్రువపత్రం తెప్పించుకొని కంపెనీ ఇచ్చిన కాగితంతో సరిచూడటం మా తరం బి.కామ్. రెండో ఏడాదిలో నేర్చుకున్న పని. ఆడిట్‌ను సీఏ కోచింగ్ సెంటర్లకు వదిలేసి, సిద్ధాంతం మాత్రమే మనదని గీత గీసుకున్నాం. ఇప్పుడు సీఏ ఆర్టికల్‌షిప్ కూడా మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఆ ఏడాది లోటును భర్తీ చేసే అవకాశం విశ్వవిద్యాలయాలకు వచ్చింది. దాన్ని అందుకోవాలన్న ఆలోచన ఒక్క పాఠ్యప్రణాళికా మండలిలోనైనా వచ్చిందా?

తరగతి గదిలోనే ఫోన్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడుతున్న పిల్లలను మీరూ చూస్తున్నారు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ వ్యాపారం చేసిన కోటి మంది పైచిలుకు వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీయే ప్రకటించింది. డెరివేటివ్స్ పేపరు మొదటి రోజున ఈ అంకెలు నల్లబల్ల మీద రాయని అధ్యాపకుడు తన ధర్మం సగమే చేసినట్టు.

అమెరికాలో ఎం.ఎస్. ఫైనాన్స్ చదవడానికి వెళ్తున్న పిల్లల ఇళ్ల గురించి కూడా ఒక మాట. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు సాధారణంగా తాకట్టు అడుగుతుంది. తండ్రి కట్టుకున్న ఇల్లు అలా తాకట్టులోకి వెళ్తుంది. చదివినంతకాలం వాయిదా ఉండదు కానీ వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది. ఆ ఇంటి అప్పు లెక్కను ప్రయాణానికి ముందు తండ్రీ కొడుకులు కలిసి కూర్చొని వేయగలిగేలా చేయడం ఫైనాన్స్ డిగ్రీ ఇచ్చిన మన బాధ్యత కాదా?

నేను ఈ దారిలో పడింది గుంటూరు మిర్చి యార్డు వల్ల. మా గురువుగారు ఎం.కామ్. విద్యార్థులను సెలవుల్లో కమీషన్ దుకాణాలకు పంపి గుమస్తాల పక్కన కూర్చోబెట్టేవారు. చిట్టా, ఆవర్జా మాకు పుస్తకంలో తెలుసు. అక్కడ చూసింది వేరు. రైతు సరుకు దించకముందే అతని పేరున ఎరువుల పద్దు, పెళ్లి పద్దు, కూలీల పద్దు ఉండేవి. సరుకు అమ్ముడయ్యాక చేతికొచ్చేది ఆ పద్దులన్నీ తేలాక మిగిలిన పైకమే. వడ్డీ నూటికి రెండు రూపాయలని నోటితో చెప్పేవారు. తూకంలో, ధరలో, చెల్లింపు గడువులో దాగిన వడ్డీ కలిపితే ఎంతవుతుందో తేల్చమని గురువుగారు మాకు అప్పగించేవారు. రాత్రుళ్లు హాస్టల్లో లాంతరు పెట్టుకొని వేసిన ఆ లెక్కల ముందు తర్వాత నేను చదివిన ఏ సిద్ధాంతమూ కష్టమనిపించలేదు. మాతో చదివినవాళ్లలో చాలామంది బ్యాంకుల్లో చేరి గ్రామీణ శాఖల్లో పేరు తెచ్చుకున్నారు. రైతు కళ్లలోకి చూసి పంటరుణం మంజూరు చేయడం వాళ్లకు యార్డులోనే వచ్చింది.

ఈ చూపు మన విశ్వవిద్యాలయాలకు పరాయిది కాదు. 2003 నుంచి 2013 వరకు వరుసగా రిజర్వు బ్యాంకు గవర్నర్లైన ఇద్దరూ మన డాక్టరేట్లే: వై.వి.రెడ్డి గారు ఉస్మానియా నుంచి, దువ్వూరి సుబ్బారావు గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి. అప్పులు ఉరకలేస్తున్నప్పుడు స్థిరాస్తి రుణాలకు రిస్కు భారం పెంచి బ్యాంకులకు కళ్లెం వేసిన రెడ్డి గారి విధానం విలువ 2008లో ప్రపంచానికి తెలిసింది. జిల్లాల్లో ఏళ్ల తరబడి ప్రజల డబ్బు వ్యవహారాలు దగ్గర నుంచి చూసిన ఐ.ఎ.ఎస్. అధికారులు వీరు.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది కాగితం చెదపట్టడం. 1890లలో ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఊరి అప్పుల మీద రెండు సంపుటాలు రాశాడు. 1951-52 అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే, రైతు అప్పులో సహకార సంఘాల వాటా మూడు శాతమేనని, వాణిజ్య బ్యాంకులది ఒక్క శాతం కూడా లేదని తేల్చింది. మిగిలిన అప్పు కథ ఎక్కడుంది? షావుకార్ల ఆవర్జాల్లో, మూతపడ్డ చిట్ కంపెనీల పాట పుస్తకాల్లో, ప్రాథమిక సహకార సంఘాల బీరువాల్లో. ఇప్పుడు దేశవ్యాప్తంగా ఈ సహకార సంఘాలను కంప్యూటరీకరిస్తున్నారు. కొత్త లెక్కలు కంప్యూటరులోకి వెళ్లగానే పాత పుస్తకాలు తూకానికి వెళ్తాయి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. దాని తొలినాటి శాఖల రికార్డులను పరిశోధకులకు అందుబాటులోకి తెమ్మని అడగవలసింది మనమే.

అందుకే సాధారణ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాను. ఒకటి, ఎం.కామ్. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు పనిలో సగం మార్కులు ఒక చీటీ, ఒక సహకార సంఘం లేదా ఒక పొదుపు సంఘం పుస్తకాలను స్వయంగా చదివి వడ్డీ తేల్చినందుకే ఇవ్వాలి. రెండు, ప్రతి జిల్లాలో ఒక కళాశాల పాత లెక్కల పుస్తకాలకు భద్రమైన గది కేటాయించి, పేర్లు బయటపడకుండా నకళ్లు తీసి ఉంచాలి. మూడు, వచ్చే ఏడాది సదస్సులో ఒక పూర్తి పూట ఈ పుస్తకాలు చదివి వచ్చినవాళ్లకే ఇవ్వాలి. గార్చ్ నమూనాల మిత్రులు ఆ పూట ముందు వరుసలో కూర్చొని వినాలని, విని తమ పద్ధతులతోనే ఆ లెక్కలను ప్రశ్నించాలని కోరుతున్నాను. తీర్మానాల ప్రతులు ద్వారం దగ్గర ఉన్నాయి. సవరణలు భోజన విరామంలోగా కార్యదర్శి గారికి రాసి ఇవ్వండి.