మగ్గం ఆగకుండా



2020 మార్చి చివర్లో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. అంగళ్లు మూతపడ్డాయి. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. పెళ్లిళ్లే లేకపోతే ధర్మవరం పట్టుచీరకు గిరాకీ ఎక్కడిది?

అప్పుడు రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు ఏం చేశాయి? మూడు మాటల్లో చెప్పుకుందాం.

ఒకటి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం నేతన్న నేస్తం. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చేవారు. ఈ పథకం 2019 డిసెంబరులో ధర్మవరంలోనే మొదలైంది. రెండో విడత మళ్లీ డిసెంబరులో రావాలి. కరోనా వల్ల ఆరు నెలలు ముందే, జూన్‌లోనే ఇచ్చారు.

రెండు, కరెంటు బిల్లు. యంత్రం తిరగకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ తప్పదు కదా! చిన్న పరిశ్రమలకు రాష్ట్రం దాన్ని మూడు నెలలు మాఫీ చేసింది.

మూడు, బ్యాంకు అప్పు. చిన్న వ్యాపారాలకు కొత్తగా తాకట్టు అడగకుండా అదనపు అప్పు ఇప్పించి, కేంద్రమే హామీగా నిలబడింది.

మరి అందరికీ అందిందా? లేదు. సొంత మగ్గం లేని కూలి నేతగాడికి నేతన్న నేస్తం రాలేదు. బ్యాంకులో అప్పటికే అప్పు ఖాతా లేనివారికి ఆ అదనపు అప్పు రాలేదు. సాయం రికార్డును వెతుక్కుంటూ వచ్చింది. రికార్డులో లేనివారిని దాటిపోయింది.

అందుకే, చిన్న వ్యాపారం చేసేవారు ఒక్క పని చేయండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించుకోండి. దానికి రుసుము లేదు. కష్టకాలం వచ్చాక కాదు, ముందే చేయించుకోండి.