అప్పగించినంత మాత్రాన బాధ్యత తీరదు

తల్లి ఒడిలో మనలను పెంచి, కండలకు సత్తువనిచ్చి, ఆయువు పొడిగించి, చివరకు మరొకరి చేయి పట్టుకొని నడిచే దశకు చేర్చే అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక! ముందుగా మాకు, ఆ తరువాత మీకు మేము చేసుకొనే హితబోధ ఒక్కటే: తఖ్వాను ఆశ్రయించండి. లెక్క చెప్పవలసిన దినాన్ని మరువకండి.

ప్రియ సోదరులారా! వానలు ముఖం చాటేసిన ఏడాది మన పశ్చిమ ప్రకాశంలో ఊళ్ళు ఎలా ఖాళీ అవుతాయో మీకు చెప్పనవసరం లేదు. మార్కాపురం, గిద్దలూరు, తర్లుపాడు, ఎర్రగొండపాలెం ప్రాంతాల నుండి బిడ్డలు పనికోసం హైదరాబాదుకు, బెంగళూరుకు, గుంటూరుకు వెళ్ళిపోతారు. ఇంట్లో మిగిలేది వృద్ధులైన తల్లిదండ్రులు. కొంతకాలం ఇరుగుపొరుగువారు కనిపెట్టుకొని ఉంటారు. తల్లి జారిపడి తుంటి ఎముక విరిగిన నాడు, తండ్రికి పక్షవాతం వచ్చిన నాడు ఆ ఏర్పాటు చాలదు. అప్పుడు కొందరు నెలకు ఇంతని చెల్లించి వారిని వృద్ధాశ్రమంలో చేర్పిస్తున్నారు. మన ఊరిలో నర్సింగ్ హోం అంటే ప్రైవేటు ఆసుపత్రి. నేటి మా ప్రసంగం దానిని గురించి కాదు, వృద్ధులను రాత్రింబవళ్ళు తమ వద్ద ఉంచుకొని చూసే ఇళ్ళను గురించి.

"ఇలా చేర్పించడం ధర్మసమ్మతమేనా?" అని మమ్మల్ని అడిగేవారున్నారు. కన్నవారిని మన ఇంట, మన చేతులతో చూసుకోవడమే మొదటి మార్గం. సుఖం కోసం, ఇరుకు గది ఖాళీ కావడం కోసం వారిని సాగనంపేవాడు అల్లాహ్‌కు ఏమని జవాబిస్తాడు? అయితే నిజంగా గత్యంతరం లేనప్పుడు, వారి సమ్మతితో, శిక్షణ ఉన్న చేతుల సహాయం తీసుకోవడం వేరు. ఆ స్థితిలో ఉన్నవారిని నిందించడానికి మేము మింబరు ఎక్కలేదు. వారిపై మిగిలి ఉన్న బాధ్యతను గుర్తుచేయడానికి ఎక్కాము.

దివ్య ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులలో అల్లాహ్ తన ఆరాధనను ఆజ్ఞాపించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆజ్ఞాపించాడు. ముసలితనానికి చేరిన వారి ఎదుట విసుగును తెలిపే చిన్న 'ఉఫ్' సైతం మన నోట రాకూడదన్నాడు. ఆ ఆయతులో ఆ వృద్ధులను 'నీ వద్ద' ఉన్నవారిగా పేర్కొన్నాడు. ఆ మాటను గురించి ఆలోచించండి. వారు మరొక కప్పు కింద పడుకున్నా 'నీ వద్ద' ఉన్నవారిగానే మిగలాలి. మన నోట రాకూడని 'ఉఫ్', మనం డబ్బిచ్చి నియమించుకొన్న మనిషి నోట వస్తున్నదని తెలిసీ ఊరకుంటే, ఆ 'ఉఫ్'లో మనకు వాటా లేదా?

మీలో ప్రతివారూ కాపరియే, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రశ్నింపబడతారు అనే భావం గల హదీసు మీరెరిగినదే. మన పల్లెలలో జీవాలను జీతపు కాపరికి అప్పగించిన రైతు సాయంత్రం దొడ్డి గుమ్మంలో నిలబడి లెక్క చూసుకొంటాడు. కుంటిన మేకను ఎత్తి గిట్ట చూస్తాడు. జీవాల విషయంలో ఇంత మెలకువగా ఉండే మనం కన్నతల్లి విషయంలో నెలనెలా డబ్బు పంపి నిశ్చింతగా నిద్రపోవచ్చునా?

కనుక సోదరులారా, ఆశ్రమానికి వెళ్ళినప్పుడు ఏమి చూడాలో వివరిస్తాము. గోడల రంగు, బోర్డు, ఆఫీసు గదిలోని కుర్చీలు చూసి తిరిగి రాకండి.

మొదట శరీరాన్ని చూడండి. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపున, తుంటిపైన, మడమలపైన చర్మం ఎర్రబడి పుండవుతుంది. దుప్పటి ఎత్తితేనే అది కనిపిస్తుంది. తల్లి అయితే ఆమె మర్యాదకు భంగం కలగకుండా కూతురో కోడలో చూడాలి. గోళ్ళు, నోరు, జుట్టు శుభ్రంగా ఉన్నాయా? పోయిన నెలకంటే మనిషి చిక్కిపోయారా?

రెండవది అన్నపానీయాలు. మన బోరు నీళ్ళలోని ఫ్లోరైడుతో కీళ్ళు బిగుసుకుపోయిన వృద్ధులు ఎందరో ఉన్నారు. అక్కడ తాగే నీరు ఎక్కడిదో అడగండి. భోజన వేళకు వెళ్ళి చూడండి. చేయి వణికే మనిషి పక్కన పళ్ళెం పెట్టి, ముద్ద తినకుండానే తీసుకుపోతే అన్నం పెట్టినట్లు కాదు. పళ్ళు లేనివారికి మెత్తగా వండుతున్నారా? చక్కెర వ్యాధి ఉన్నవారికి వేళకు పెడుతున్నారా?

మూడవది మందులు. ఏ మాత్ర ఏ వేళ ఇచ్చారో రాసిన పుస్తకం చూపమనండి. పలకల పనిలో ఏళ్ళ తరబడి రాతి దుమ్ము పీల్చిన పెద్దాయనకు ఆయాసం వస్తే ఏ డాక్టరును పిలుస్తారో, ఎంతసేపటిలో పిలుస్తారో కనుక్కోండి. మనిషి పగలంతా మగతగా ఉంటే ఏ మందు వలననో నిలదీసి అడగండి. గోల చేయకుండా ఉండేందుకు నిద్రమాత్ర వేయడం వైద్యం కాదు.

నాల్గవది సేవ చేసే మనుషులు. రాత్రి పది దాటాక ఎందరు వృద్ధులకు ఎందరు మేలుకొని ఉంటారు? స్త్రీలకు స్త్రీలే స్నానం చేయిస్తున్నారా? సంరక్షణ గృహాలలో పనిచేసేవారిని విచారించగా, గడచిన ఏడాదిలో ఏదో ఒక విధంగా వృద్ధులను బాధించినట్లు ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకొన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. వారందరూ దుర్మార్గులని దీని అర్థం కాదు. చాలని జీతం, మోయలేని పని, శిక్షణ లేమి మంచి మనిషిని సైతం కఠినుడిని చేస్తాయి. అందువలన ఆయమ్మకు జీతం సరిగా అందుతున్నదా అని అడగడం కూడా మన తల్లి సంరక్షణలో భాగమే.

ఐదవది గౌరవం. బట్టలు మార్చేటప్పుడు తెర వేస్తున్నారా? పేరు పెట్టి, వరుస కలిపి పిలుస్తున్నారా, లేక మంచం నంబరుతోనా? వుజూకు నీళ్ళు అందుతున్నాయా, లేవలేనివారికి తయమ్ముమ్ ఏర్పాటు ఉందా, ఖిబ్లా దిక్కు చెప్పేవారున్నారా? పక్క మంచంలోని హిందూ సోదరునికి, క్రైస్తవ సోదరికి వారి ప్రార్థనకు అవకాశం ఉందా అన్నది కూడా చూడండి. ఒకరి గౌరవం కాపాడని చోట మరొకరి గౌరవం నిలవదు.

ఇక ఎలా చూడాలి? చెప్పకుండా వెళ్ళండి, వేర్వేరు వేళల్లో వెళ్ళండి. కొంతసేపు ఏకాంతంగా కూర్చోండి. "బాగున్నావా అమ్మా?" అని అడిగితే "బాగానే ఉన్నాను నాయనా" అనే అంటుంది. బిడ్డ మనసు కష్టపెట్టడం తల్లికి చేతకాదు. "నిన్న రాత్రి దాహమైతే ఎవరిని పిలిచావు? ఎంతసేపటికి వచ్చారు?" అని అడగండి. అప్పుడు నిజం తెలుస్తుంది.

ఇంగ్లండులో ఈ ఇళ్ళను తనిఖీ చేసే సంస్థ ఐదు ప్రశ్నలు వేస్తుంది: భద్రత ఉందా, చికిత్స ఫలిస్తున్నదా, దయ ఉందా, అవసరానికి స్పందన ఉందా, నిర్వహణ సక్రమంగా ఉందా? అమెరికాలో 2008 నుండి ప్రభుత్వమే వీటికి ఒకటి నుండి ఐదు వరకు నక్షత్రాలు ఇచ్చి ప్రజలకు వెల్లడిస్తున్నది. మన దగ్గర ఆ పని ఎక్కువగా బంధువుల కంటికే మిగిలింది. ఆ కన్ను మూసుకుంటే చూసేవారుండరు.

లోపం కనిపిస్తే ఏమి చేయాలి? సూరా హుజురాత్ వార్తను నిర్ధారించుకోమని నేర్పింది. విన్నమాటతో ఆశ్రమం పరువు తీయకండి. ఆయమ్మ మీద కేకలు వేయకండి, మీరు వెళ్ళిపోయాక ఆ కోపం మంచం మీది మనిషి మీదికి మళ్ళవచ్చు. నిర్వాహకులతో మర్యాదగా మాట్లాడి, తేదీ రాసుకోండి. వారంలో మళ్ళీ వెళ్ళి చూడండి. మారకపోతే వృద్ధుల సహాయం కోసం ప్రభుత్వం నడిపే 14567 నంబరుకు ఫోను చేయండి. అవసరమైతే మనిషిని అక్కడి నుండి తెచ్చుకోండి. సేవ బాగున్నచోట ఆ మాట నోరారా చెప్పండి. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా చూపనట్లే.

చట్టం కూడా మన ధర్మం చెప్పిన దానికి తోడుగా నిలిచింది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ అందని వృద్ధులు రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ ఇవ్వవచ్చు. చూసుకొంటారనే షరతుతో ఆస్తి రాసిచ్చి, ఆ తరువాత ఆదరణ కోల్పోయినవారు ఆ దస్తావేజును రద్దు చేయమని అడగవచ్చు. వృద్ధులను వదిలివేసిన వారికి మూడు నెలల వరకు జైలు శిక్ష ఉన్నది. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి సరిపడే ఆశ్రమాలు నెలకొల్పే వీలును కూడా అదే చట్టం ప్రభుత్వానికి కల్పించింది. వాటిని అడిగి సాధించుకోవడం పౌరులుగా మన పని.

మేము చెప్పవలసింది చెప్పాము. మా కొరకు, మీ కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకొంటున్నాము.

రెండవ ఖుత్బా

సకల ప్రశంసలు అల్లాహ్‌కే. దైవప్రవక్తపై దరూద్, సలాం.

సోదరులారా! హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఒకనాడు ఇంటి గుమ్మాల వద్ద యాచించే చూపులేని వృద్ధుని చూశారు. అతడు యూదుడు. ఆయన అతని చేయి పట్టుకొని తన ఇంటికి తీసుకువెళ్ళి ఉన్నది ఇచ్చారు. ఆపై బైతుల్‌మాల్ అధికారికి కబురుపెట్టి, ఇతనిని, ఇటువంటి వారిని చూసుకోవలసిందిగా ఆదేశించారు. యౌవనంలో అతని వద్ద పన్ను తీసుకొని ముసలితనంలో విడిచిపెట్టడం న్యాయం కాదన్నారు. ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో ఈ ఉదంతాన్ని నమోదు చేశారు. తరువాతి కాలంలో, 1284లో, కైరో నగరంలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతో నడిచింది. ధనిక పేద భేదం లేకుండా స్త్రీపురుషులకు అందులో చోటు దొరికింది.

కనుక మీవారిని చూడడానికి వెళ్ళినప్పుడు, ఎవరూ చూడడానికి రాని మంచం ఎక్కడ ఉన్నదో అడగండి. అక్కడ కూడా ఒక్క నిమిషం ఆగి, అవే ప్రశ్నలు అడగండి. అడిగేవారు ఉన్నారని తెలిస్తే ఆ మనిషికి అందే సేవ మారుతుంది.

ఓ అల్లాహ్! మా తల్లిదండ్రులలో బ్రతికి ఉన్నవారికి ఆరోగ్యాన్ని, వెళ్ళిపోయినవారికి నీ కారుణ్యాన్ని ప్రసాదించు. దూరాన ఉన్న బిడ్డలకు తిరిగివచ్చి సేవ చేసే అవకాశం కల్పించు. సేవచేసే చేతులకు ఓర్పునివ్వు, వారి కష్టానికి తగిన ప్రతిఫలమివ్వు. మేము చూడవలసిన చోట మా కళ్ళు మూసుకుపోకుండా కాపాడు. మాకు ముసలితనం వచ్చిన నాడు మమ్మల్ని దయగలవారి చేతులలో ఉంచు. ఆమీన్.

లేవండి, సఫ్‌లు సరిచేసుకోండి. నమాజుకు నిలబడదాం.