వాలు, తడి, మీట

ఈజిప్టులోని గిజాలో ఖుఫు పిరమిడ్ కట్టి దాదాపు 4,500 ఏళ్లయింది. అప్పటి పనిముట్లు రాగివి, రాతివి. మరి టన్నుల బరువున్న రాళ్లు పైకెలా చేరాయి?

మొదటిది వాలుబాట. నిటారుగా ఎత్తడం కన్నా వాలు మీద లాగడం తేలిక. దూరం పెరుగుతుంది, కావలసిన బలం తగ్గుతుంది. హత్నూబ్ రాతిగనిలో ఖుఫు కాలం నాటి వాలుబాట బయటపడింది. దానికి ఇరువైపులా మెట్లు, గుంజలు పాతిన గుంతలు ఉన్నాయి.

రెండోది చక్రాల్లేని చెక్కబండి. ప్రాచీన ఈజిప్టు అధికారి జెహుతిహోతెప్ సమాధి చిత్రంలో అలాంటి బండి మీద పెద్ద విగ్రహాన్ని లాగుతుంటారు. ఒకడు బండి ముందు ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. ఎందుకు? 2014లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఇసుక తగుమాత్రం తడిస్తే లాగే బలం సగం చాలు. మరీ తడిస్తే మళ్లీ కష్టమే.

మూడోది మీట. గడ్డపారతో బండను కదిపినట్టే, దుంగలతో రాళ్లను సర్ది ఉంటారు.

వాలు, తడి, మీట: ఏదీ రాయి బరువు తగ్గించలేదు. మనిషి పెట్టాల్సిన బలాన్నే అవి తగ్గించాయి.