చైనా నుండి దుర్గాబాయి గారు తెచ్చిన ఆలోచన

(కల్లూరున గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



కల్లూరు నుండి భద్రాచలము అడవుల అంచు వరకు ఏ గ్రామమునకు వెళ్ళినను, ఆలుమగల తగవు మొదట వచ్చునది పెద్దమనుష్యుల యొద్దకే. రచ్చబండపై పురుషులు కూర్చుందురు. పిల్ల తరఫున తండ్రియో, అన్నయో మాటలాడును. కాపురము చేయవలసిన పిల్ల మాత్రము గోడచాటున నిలుచుండును. ఇది మేము చెప్పగా మీరు తెలిసికొనవలసిన సంగతి కాదు. ఇట్టి తగవులను గూర్చి తెలుగు మహిళ ఒకరు చేసిన కృషిని నేడు మీ ముందుంచ దలచితిమి.

శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ 1909లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేటనే వివాహమైనది. ఊహ తెలిసిన పిదప ఆ కాపురమునకు పోనని ఆమె చెప్పగా, తండ్రియు సోదరుడును ఆ మాట మన్నించిరి. ఆ కాలమున అది సామాన్య విషయము కాదు. ఉప్పు సత్యాగ్రహమున ఆమె కారాగారమునకు వెళ్ళిరి. 1942లో న్యాయశాస్త్ర పట్టము పొందిరి. రాజ్యాంగ సభలో సభ్యులైరి. 1952 ఎన్నికలలో ఓడిపోయినను ప్రణాళికా సంఘమున సభ్యత్వము లభించెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు ప్రథమ అధ్యక్షురాలైరి.

ఆ సంవత్సరమే చైనాకు వెళ్ళి, అచ్చటి కుటుంబ న్యాయస్థానములను పరిశీలించిరి. పరదేశములకు వెళ్ళినవారు పెద్ద కట్టడములను చూచి వచ్చుట వాడుక. ఆమె కంటికి ఆనినది ఆలుమగల తగవు తీర్చు చోటు. తిరిగి వచ్చి జస్టిస్ చాగ్లా, జస్టిస్ గజేంద్రగడ్కర్ గారలతోను, ప్రధాని నెహ్రూ గారితోను చర్చించిరి. తరువాత మహిళా సంఘములును ఇదియే కోరినవి. చట్టము మాత్రము 1984 వరకు రాలేదు. ఆమె 1981లోనే కన్నుమూసిరి.

ఆ చట్టము ప్రకారము మొదట రాజీకి ప్రయత్నించుట న్యాయమూర్తి విధి. వకీలు ద్వారానే మాటలాడవలెనన్న నిర్బంధము లేదు. న్యాయమూర్తుల నియామకమున స్త్రీలకు ప్రాధాన్యము కలదు. ఎవరి తగవో వారి నోటనే వినవలెనన్నది ఇందలి సారము.

తగవు తీర్చుట స్త్రీల పని కాదని ఇంకను అనువారున్నారు. ఆఫ్రికాలోని గినీ దేశమున బడిలో పాఠములు చెప్పిన జీన్ మార్టిన్ సిస్సే 1972లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి అధ్యక్షత వహించిరి. ఆ పీఠమెక్కిన ప్రథమ మహిళ ఆమెయే. దేశముల తగవులు విను చోట స్త్రీ కూర్చుండగా, మన ఊరి ఆలుమగల తగవు వినుటకు వార్డు సభ్యురాలు పనికిరాదా? తెలంగాణ పంచాయతీలలో 2018 చట్టము సగము స్థానములను స్త్రీలకు కేటాయించినది. వారి భర్తలు వచ్చి ఆ కుర్చీలలో కూర్చుండుటకు కాదు!

కావున మా మనవి ఇది. ఇకపై తగవు వచ్చిననాడు ఆ పిల్లను ముందుకు పిలువుడు. సభ్యురాలిచేత అడిగింపుడు, అవసరమైనచో పురుషులు కొంతసేపు దూరముగా నుండుడు. కొట్టినారని ఆమె చెప్పినచో రాజీ పేరిట జాగు చేయక అధికారులకు తెలియజేయుడు. 1987 నాటి చట్టము ప్రకారము, ఎంత ఆదాయమున్నను స్త్రీలకు న్యాయ సహాయము ఉచితము. సమీప న్యాయస్థానమందలి మండల న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టుకొనవచ్చును. వ్రాత రానివారికి ఆ అర్జీ వ్రాసిపెట్టు పనిని మీలో ఒకరు చేపట్టవలెను.