ఆవిరికీ దారి, పొగకీ దారి

 

ట్రెక్కింగుకు వెళ్ళే పిల్లలు ఈమధ్య పుల్లలతో నీళ్ళు కాచే కెటిల్ కొంటున్నారు. కాశ్మీరులో పనిచేసినవాళ్ళకు సమోవార్ తెలుసు. మధ్య గొట్టంలో నిప్పులు, చుట్టూ నీళ్ళు. ఇదీ అదే పద్ధతి. ఐర్లండులో కెల్లీ కెటిల్ అంటారు. అడుగున చిన్న పొయ్యి, నడుమ పొగగొట్టం, రెండు గోడల మధ్య నీళ్ళు. ఎండుపుల్లలు పైనుంచి వేస్తుంటే చాలు, గాలికి మంట ఇంకా రాజుకుంటుంది. గ్యాసు మోయనక్కర్లేదు.

అయితే మూడు సంగతులు పిల్లలకు చెప్పి పంపండి.

ఒకటి, నీళ్ళు పోశాకే నిప్పు పెట్టాలి. మంట ఉన్నంతసేపూ బిరడా తీసే ఉంచాలి. ఆవిరికి దారి లేకపోతే కెటిల్ పేలుతుంది.

రెండు, గుడారంలో ముట్టించరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నా ప్లటూనులో రాత్రి బుఖారీలు ఆర్పారో లేదో నేనే తిరిగి చూసేవాణ్ణి. పిల్లల గుడారానికి అలా చూసే సుబేదార్ సాబ్ ఉండడు.

మూడు, ఎత్తుకు పోయేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో 88 డిగ్రీలకే తెర్లుతాయి. వాగునీరు తేటగా కనబడినా నమ్మకూడదు. 2,000 మీటర్లు దాటితే 3 నిమిషాలు కళపెళా మరగనివ్వాలి. బుడగ రాగానే దించితే రోగం పోదు.

చివరగా, బయల్దేరేముందు బూడిద మీద నీళ్ళు పోసి, చల్లారిందని చేత్తో చూసుకొని కదలండి. అడవి కూడా మనం కాపాడవలసిన నేలే.

సెలవు. జైహింద్.