పిల్లలతో గోదావరి గట్టున

రాజమహేంద్రవరమున సాయంవేళ పిల్లలను గోదావరి గట్టునకు కొనిపోవుట వినోదము మాత్రమే కాదు, విద్య కూడ. 1900లో మొదలై 1997లో రైళ్లకు సెలవిచ్చిన హేవలాకు వంతెన, 1974లో వచ్చిన పైన రోడ్డు, క్రింద రైలు గల వంతెన, 1997 నాటి విల్లువంపుల వంతెన: వీనిలో ఏది పెద్దదియో, ఏది పిన్నదియో పిల్లలనే చెప్పనిండు.

ధవళేశ్వరమున నీరు 11.75 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడును. ఈ అంకె నెరిగిన పిల్లవాడు వరదవార్తలకు తానే చెవియొగ్గును.

అయితే పాచి పట్టిన మెట్లపై పసివారి చేయి విడువరాదు. 2015 జూలై 14న, పుష్కరముల తొలినాడు, పుష్కరాల రేవున జరిగిన త్రొక్కిసలాటలో 25 మందికి పైగా అసువులు బాసిరి. జనసమ్మర్దమును చూచి వెనుదిరుగుట పిరికితనము కాదని, వివేకమని నేర్పుడు. నదిని ప్రేమించుటయు, నదికి జంకుటయు పిల్లలకు ఒక్కచోటనే అలవడవలెను.